ఆరభటి వారసులు: తెలుగు తెర మీది సాహస చిత్రాల వంశక్రమం



ఈ సభ బి. విఠలాచార్య గారి స్మృతికి అంకితమైనది. మన ప్రాంతంలో స్మారకోపన్యాసాలు మహాకవుల పేరిట, పండితుల పేరిట, దేశనాయకుల పేరిట జరుగుతూ ఉంటాయి. కత్తియుద్ధాలతో, మాంత్రికులతో, మాట్లాడే పుర్రెలతో సినిమాలు తీసిన ఒక దర్శక నిర్మాతను తలుచుకోవడానికి ఇంతమంది ఒకచోట చేరడం ఆలస్యంగానైనా జరిగిన న్యాయమని నా అభిప్రాయం. ఆయన సినిమాలు ఆడిన రోజుల్లో పత్రికల వాళ్లు వాటిని సమీక్షకు తగినవిగా చూడలేదు. జనం మాత్రం బండ్లు కట్టుకుని వచ్చి చూశారు.

మీ ముందు నేను ఉంచదలచిన వాదం ఒక్కటే. ‘అతి’ అని మనం తోసిపుచ్చే సాహస చిత్రాల్లోని అతిశయం చేతకానితనం నుంచి పుట్టలేదు. దానికి నియమాలున్నాయి, పరంపర ఉంది, ప్రేక్షకుడితో కుదుర్చుకున్న ఒప్పందం ఉంది. నాట్యశాస్త్రంలో మొదలై, వీధి భాగవతాల మీదుగా, సురభి వారి రంగస్థలం మీదుగా విఠలాచార్య గారి దాకా వచ్చిన ఆ పరంపరే, ఇవాళ దేశదేశాల వాళ్లు టికెట్టు కొని చూస్తున్న తెలుగు సినిమా దాకా సాగింది. ఆ వంశక్రమం తెలిస్తే తప్ప ఈ చిత్రాలు అంతమందిని ఎందుకు కట్టిపడేశాయో బోధపడదు. వాటిలో ఏది మేలో ఏది నాసిరకమో తేల్చే గీటురాయి కూడా దొరకదు.

విఠలాచార్య గారు 1920లో ఉడుపి ప్రాంతంలో పుట్టారు. సినిమా విద్య ఏ పాఠశాలలోనూ నేర్వలేదు. అరసికెరెలో టూరింగ్ టాకీసు నడిపారు. నా దృష్టిలో ఆయన జీవితంలో అతి ముఖ్యమైన ఘట్టం అదే. డేరాలో ఇసుక మీద కూర్చున్న జనం ఏ సన్నివేశానికి ఊపిరి బిగబడతారో, ఏ పాటకు బీడీ కాల్చుకోవడానికి బయటికి వెళతారో, ఏ దెబ్బకు ఈలలు వేస్తారో టూరింగ్ టాకీసు నడిపినవాడికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. మైసూరులో మహాత్మా పిక్చర్స్ భాగస్వామిగా కన్నడ చిత్రాలు తీసి, 1950ల మధ్యలో తెలుగు వైపు వచ్చారు. ఎన్.టి. రామారావు గారితో ‘బందిపోటు’ (1963), ‘అగ్గిపిడుగు’ (1964), ‘గండికోట రహస్యం’ (1969) తీశారు. కత్తి కాంతారావుగా పేరు పడిన టి.ఎల్. కాంతారావు గారితో వరసగా జానపదాలు తీశారు. నరసింహరాజు, జయమాలిని నటించిన ‘జగన్మోహిని’ (1978) పెద్ద తారల అండ లేకుండానే ఘనవిజయం సాధించింది. వేసిన సెట్టును మళ్లీ మళ్లీ వాడుకోవడం, అనుకున్న రోజుల్లోపు షూటింగు ముగించడం, పెట్టిన ప్రతి రూపాయీ తెర మీద కనిపించేలా చూసుకోవడం ఆయన పద్ధతి. 1999లో కన్నుమూశారు.

పరిమితమైన డబ్బుతో, వేగంగా, ముందే తెలిసిన ప్రేక్షకుల కోసం సినిమా తీయడం మన దగ్గరే పుట్టిన పద్ధతి కాదు. అమెరికాలో 1930ల ఆర్థిక మాంద్యంలో జనం హాళ్లకు రావడం తగ్గినప్పుడు, ఒక టికెట్టు మీద రెండు సినిమాలు చూపించడం మొదలుపెట్టారు. పెద్ద సినిమాకు వసూళ్లలో వాటా, రెండోదానికి కట్టుబడిగా ఇంత అని అద్దె. ఆ రెండోదే బి సినిమా. ఎంత బాగా ఆడినా నిర్మాతకు వచ్చే మొత్తం ముందే ఖాయమైపోయింది కాబట్టి ఖర్చు తగ్గించుకోవడమొక్కటే లాభానికి దారి. రిపబ్లిక్, మోనోగ్రామ్ వంటి చిన్న సంస్థలు ఆ ఇరుకులోనే కొత్త పనితనాన్ని కనిపెట్టాయి. రిపబ్లిక్‌లో విలియం విట్నీ అనే దర్శకుడు నృత్య సన్నివేశాల చిత్రీకరణ చూసి, అదే పద్ధతిలో కొట్లాటను ముక్కముక్కలుగా విడదీసి తీయడం ప్రారంభించాడు. ఆ కాలంలోనే యకీమా కనూట్ అనే గుర్రపుస్వారీ నిపుణుడు పరుగెత్తే గుర్రాల మధ్య జారిపడి, వాటి కాళ్లకిందుగా, బండి కిందుగా దొర్లిపోయే విన్యాసాన్ని ‘స్టేజ్‌కోచ్’ (1939)లో చేసి చూపించాడు. తర్వాతి తరంలో నిర్మాత రోజర్ కోర్మన్ చిన్న బడ్జెట్ల బడిలోనే కొపోలా, స్కోర్సేసే, జేమ్స్ కామెరాన్ వంటివారు తొలి అడుగులు వేశారు. ఇవాళ ప్రపంచమంతా ఆరాధించే పెద్ద సినిమా, నిన్న చిన్నచూపు చూసిన బి సినిమా ఒళ్లోనే పెరిగిందన్నది చరిత్ర.

మన దగ్గర ‘బి’ అన్న మాటకు మరో అర్థం ఉంది. మన పంపిణీదారులు ఊళ్లను ఎ, బి, సి సెంటర్లుగా విడదీశారు. నగరాలు ఎ. తాలూకా కేంద్రాలు బి. అంతకంటె చిన్న ఊళ్లు సి. ప్రింటు అరిగి, గీతలు పడి, అతుకులు పడి సి సెంటరుకు చేరేసరికి నెలలు గడిచేవి. మన సాహస చిత్రాలకు అసలైన ఇల్లు ఈ బి, సి సెంటర్లే. అమెరికాలో బి సినిమా అంటే కార్యక్రమంలో రెండో వరస. మన దగ్గర అది ఒక జనసమూహం. నేల టికెట్టు కొన్న రైతుకూలీ, మధ్యాహ్నం ఆటకు పిల్లలతో వచ్చిన తల్లి, సెలవు రోజున పక్క ఊరి నుంచి సైకిళ్ల మీద వచ్చిన కుర్రాళ్లు. వాళ్లకు నచ్చింది కాబట్టి తక్కువదన్న తీర్పు మన చదువుకున్న వర్గంలో చాలాకాలం చెల్లింది. ఆ తీర్పును పునస్సమీక్షించవలసిన సమయం వచ్చింది.

అందుకు మొదట నాట్యశాస్త్ర కర్త భరతుడి దగ్గరకు వెళ్లాలి.

నాట్యశాస్త్రం ప్రదర్శనలో రెండు ధర్మాలను చెప్పింది. లోకంలో మనుషులు నడిచినట్టే, మాట్లాడినట్టే రంగం మీద చూపడం లోకధర్మి. లోకంలో లేని తీరులో, కళ తనకు తాను విధించుకున్న కట్టుబాట్ల ప్రకారం చూపడం నాట్యధర్మి. భరతుడు ఈ రెంటినీ ఒప్పుకున్నాడు. మన ఆధునిక విమర్శ లోకధర్మిని మాత్రమే వాస్తవమని పట్టుకుని, నాట్యధర్మిని అసంబద్ధతగా కొట్టేసింది. కత్తి తగలకుండానే ప్రతినాయకుడు ఎగిరి గోడకు కొట్టుకున్నాడన్న ఫిర్యాదు, కూచిపూడి సత్యభామ జడను అంత పొడవుగా ఎందుకు పెట్టారన్న ఫిర్యాదుకు భిన్నమైనది కాదు.

అదే గ్రంథం నాలుగు వృత్తులను, అంటే ప్రదర్శన శైలులను, చెబుతుంది: భారతి, సాత్త్వతి, కైశికి, ఆరభటి. ఈ నాలుగూ ఎక్కడ పుట్టాయన్నదానికి భరతుడు చెప్పిన కథ మన చర్చకు ఎంతో విలువైనది. మధుకైటభులనే రాక్షసులతో విష్ణువు పోరాడుతుండగా, ఆ పోరాటంలోని మాటల నుంచి, కదలికల నుంచి, ఆవేశం నుంచి నాలుగు వృత్తులూ పుట్టాయి. మన నాట్య సంప్రదాయం తన శైలులకు మూలంగా ఒక ఫైటునే చెప్పుకుంది! వాటిలో ఆరభటి లక్షణాలు ఇవి: కిందపడటం, పైకెగరడం, లంఘించడం, మాయ, ఇంద్రజాలం, చిత్రవిచిత్ర యుద్ధాలు. జానపద చిత్రానికి ఇంతకంటె చక్కని నిర్వచనం నాకు మరెక్కడా కనిపించలేదు.

రంగస్థలం మీద ఆయుధం ఎలా పట్టాలో కూడా భరతుడు చెప్పాడు. నాలుగు న్యాయాలు, అంటే ఆయుధ ప్రయోగ పద్ధతులు, చెప్పి, ఒక్కో న్యాయంలో దెబ్బ నడుముకా, పాదానికా, రొమ్ముకా, తలకా అన్నది నిర్ణయించాడు. ఇంత వివరంగా చెప్పినవాడు వెంటనే గట్టి నిషేధం పెట్టాడు: ఎవరినీ నిజంగా పొడవకూడదు, కోయకూడదు, నెత్తురు కారకూడదు, దెబ్బ సంజ్ఞగా మాత్రమే ఉండాలి. ఆ విద్య అభ్యసించేవాడు ఒంటికి నూనె రాసుకుని, నేల మీదా గాలిలోనూ వ్యాయామం చేయాలన్నాడు. గాలిలో వ్యాయామం అన్న మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. ఇవాళ నడుముకు తాడు కట్టుకుని, ఫైట్ మాస్టర్ చేయి ఊపగానే ఇరవై అడుగులు పైకి లేచే ఫైటరు చేస్తున్నది అదే అభ్యాసం.

ఇది సంస్కృత గ్రంథంలోనే ఉండిపోయిన విషయం కాదు. పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దిలో పండితారాధ్య చరిత్రలో శివరాత్రికి శ్రీశైలం చేరిన జనాన్ని, అక్కడి ఆటపాటలను వర్ణిస్తూ బొమ్మలాడించేవారిని, ఎత్తయిన గడల మీద ఆడేవారిని పేర్కొన్నాడు. గడ మీద ఆడే మనిషి అక్కడి భక్తులకు ఆకాశంలో ఆడుతున్నట్టే కనిపించాడు. కింద గడ ఉన్నదని వాళ్లకు తెలుసు. తెలిసీ ఆ దృశ్యంలో దేవలోకాన్ని చూశారు. నేను ఇందాక చెప్పిన ఒప్పందం ఇదే. మన ఊళ్లలో సాము గరిడీలు, కర్రసాము, కత్తిసాము, గడసాము బతికున్నంతకాలం ఈ ఒప్పందం చెక్కుచెదరలేదు. పల్నాటి వీరుల కథ విన్నవారు, బొబ్బిలి యుద్ధాన్ని బుర్రకథగా విన్నవారు ఒక వీరుడు వందమందిని నరికాడంటే లెక్క అడగలేదు. ఆ అంకె వీరుడి మీద తమకున్న గౌరవానికి కొలత అని వాళ్లకు తెలుసు.

ఇంకొక ముఖ్యమైన మనిషిని ఇక్కడ తలుచుకోవాలి. 20వ శతాబ్ది తొలి దశకాల్లో ఉత్తరాంధ్రకు చెందిన కోడి రామమూర్తి నాయుడు గారు రొమ్ము మీద ఏనుగును నిలబెట్టుకున్నారు. గొలుసులతో మోటారు కార్లను కదలనివ్వకుండా పట్టి ఆపారు. తెర మీద కథానాయకుడు జీపును చేత్తో ఆపినప్పుడు పెదవి విరిచే మనం, అదే దృశ్యాన్ని మన తాతలు సర్కసు డేరాలో కళ్లారా చూసి వచ్చారని మరిచిపోతున్నాం. సినిమా ఆ దృశ్యాన్ని కల్పించలేదు. అందుకుంది.

అందించినవారిలో అందరికంటె పెద్దపేరు సురభి వారిది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన ఆ నాటక సమాజం, కుటుంబాలు కుటుంబాలుగా ఊరూరా తిరిగి, రంగస్థల మాయను మన జనం కళ్లకు అలవాటు చేసింది. వారి యుద్ధ సన్నివేశంలో ఒక చిన్న విషయాన్ని దగ్గరగా చూడండి. రంగానికి ఆ చివర ఒక యోధుడు, ఈ చివర ఒక యోధుడు. బాణం వదులుతారు. అది నటుడి చేతిలోంచి వెళ్లినట్టు ఉంటుంది కాని, తల ఎత్తున కట్టిన సన్నని తీగ మీద జారుతూ పోతుంది. పక్క తెర వెనక ఆ కుటుంబపు కుర్రవాడెవరో దారం లాగుతుంటాడు. రెండు బాణాలూ సరిగ్గా రంగం మధ్యలో కలుసుకోవాలి, అక్కడ నిప్పురవ్వలు లేవాలి. క్షణం తేడా వస్తే ఒక బాణం ఆగిపోయి ఇంకొకటి దానికి తట్టుకుంటుంది. ముందు వరసలో కూర్చున్నవాడికి తీగ కనిపిస్తుంది. దీపం వెలుగు పడితే మెరుస్తుంది కూడా. అయినా బాణాలు కలుసుకున్న ఆ క్షణంలో చప్పట్లు కొట్టేది ఆ ముందు వరసే. బాణం నిజమని నమ్మినందుకు ఎవరూ చప్పట్లు కొట్టరు. అబద్ధాన్ని అంత నిక్కచ్చిగా పలికించిన చేతులను మెచ్చుకుంటూ, ఆ అబద్ధంలోని వీరరసాన్ని మనసారా స్వీకరిస్తూ కొడతారు. మెచ్చుకోవడం, మైమరవడం రెండూ ఒకేసారి జరుగుతాయి. సాహస చిత్రాల ఆకర్షణ రహస్యం ఇక్కడుందని నా నిశ్చితాభిప్రాయం.

తెలుగు సినిమా ఈ ప్రేక్షకుడిని సురభి డేరా నుంచే అందుకుంది. ‘బాలనాగమ్మ’ (1942) మాయల మరాఠీ, ‘కీలుగుర్రం’ (1949), చివరికి విజయా వారి ‘పాతాళభైరవి’ (1951) అన్నీ అప్పటికే జనం నోళ్లలో, బుర్రకథల్లో, మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథల్లో తిరుగుతున్న ప్రపంచాన్నే తెరకెక్కించాయి. ‘పాతాళభైరవి’కి దర్శకుడు కె.వి. రెడ్డి గారు, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే గారు కలిసి తెచ్చిన నాణ్యతతో పోటీపడటం తరవాతివారికి సాధ్యం కాలేదు. విఠలాచార్య గారు పోటీపడలేదు కూడా. ఆ ప్రపంచాన్ని పెద్ద సంస్థల కోటలోంచి బయటికి తెచ్చి, తక్కువ ఖర్చులో, ఏడాదికి ఒకటీ రెండూ చొప్పున మన ఊరి హాలుకు పంపించారు.

‘అగ్గిపిడుగు’లో కవల సోదరులుగా రామారావు గారు రెండు పాత్రలు వేశారు. ఒకడికి తగిలిన దెబ్బ ఇంకొకడికి తెలుస్తుంది. అలాంటి రెండు పాత్రలు ఒకే ఫ్రేములో కనిపించాలంటే ఆ రోజుల్లో ఏం చేసేవారో చూద్దాం. కెమెరాను నేలకు బిగించేవారు. కటకంలో సగాన్ని నల్లని అట్టతో మూసి, నటుడిని రెండో సగంలో నిలబెట్టి తీసేవారు. తరవాత ఫిల్మును కెమెరాలోనే వెనక్కి తిప్పి, మూసిన సగం తెరిచి, తెరిచిన సగం మూసి, వేషం మార్చుకున్న అదే నటుడితో మళ్లీ తీసేవారు. ఈలోగా కెమెరా వెంట్రుకవాసి కదిలినా మధ్యలో గీత పడుతుంది. దీపాల వెలుగు కాస్త మారినా రెండు సగాలూ రెండు ఛాయల్లో వస్తాయి. ఎదుట ఎవరూ లేని గాలిలోకి, సరిగ్గా తన ఎత్తులో తనే నిలబడ్డట్టు ఊహించుకుని నటుడు చూడాలి, నవ్వాలి, కోపగించుకోవాలి. తీసినదాన్ని అక్కడికక్కడే చూసుకునే సదుపాయం లేదు. ల్యాబులో కడిగాక తెలిసేది. సినిమా మొత్తం మీద ఇలాంటి షాట్లు కొన్నే ఉండవచ్చు. ఒక్కొక్కటీ నేత మగ్గం మీద పోగు పోగు కలిపినంత ఓర్పుతో చేసిన పని.

ఇంత శ్రమ పడినా అతుకు ఒక్కోసారి కనిపించేది. గాల్లో ఎగిరే మాంత్రికుడి వీపు మీద తీగ తళుక్కుమనేది. నేల మీద కూర్చున్నవారు అందుకని సినిమాను వదులుకోలేదు. పిల్లలుగా మేమూ ఆ తీగను చూశాం, వేలెత్తి ఒకరికొకరం చూపించుకున్నాం, ఆ వెంటనే రాకుమారుడి ప్రాణం కోసం ఊపిరి బిగబట్టాం. లోపమున్నా క్షమించారని కొందరు చెబుతారు. నాకు అది చాలదనిపిస్తుంది. ఆ తీగ ప్రేక్షకుడికి తన వాటా పనిని గుర్తు చేసింది: మేము ఇంతవరకు చేశాం, మిగిలినది నీ ఊహ చేయాలి. ఆ పని చేసినందువల్లే అతనికి ఆ సినిమా మీద హక్కు కలిగింది. అరవై ఏళ్ల తరవాత కూడా పేరు చెబితే కళ్లు వెలిగే బంధం అలా ఏర్పడింది.

జానపదం పక్కనే మరో పాయ ప్రవహించింది. నిర్మాతలు సుందర్‌లాల్ నహతా, డూండీ గార్ల ‘గూఢచారి 116’ (1966) కృష్ణ గారిని సాహస కథానాయకుడిగా నిలబెట్టింది. ఆ కథతోనే, ట్రిక్ ఫొటోగ్రఫీలో ఆరితేరిన రవికాంత్ నగాయిచ్ దర్శకత్వంలో హిందీ ‘ఫర్జ్’ (1967) వచ్చింది. అప్పటికే మన అద్దె పుస్తకాల షాపుల్లో కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు చేతులు మారుతున్నాయి. ఆ పాఠకుడూ ఈ ప్రేక్షకుడూ ఒకరే.

1971 ఆగస్టులో కె.ఎస్.ఆర్. దాస్ గారి ‘మోసగాళ్లకు మోసగాడు’ వచ్చింది. దాని వెనకున్న ప్రయాణం ఆశ్చర్యకరమైనది. జపానులో కురొసావా తీసిన ‘యొజింబో’ (1961)ను ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనే అందుకుని, స్పెయిన్ ఎండు నేలల్లో అమెరికా కౌబాయ్ కథగా మార్చాడు. ఆ ఇటలీ కౌబాయ్ ధోరణిని మన ఆరుద్ర గారు అందుకుని, బ్రిటిషువారి కాలపు సంస్థానం, దాచిన నిధి చుట్టూ తెలుగు కథ అల్లారు. రాజస్థాన్ ఎడారిలో తెలుగు కథానాయకుడు టోపీ పెట్టుకుని గుర్రమెక్కాడు. సమగ్రాంధ్ర సాహిత్యం రాసిన చేత్తోనే ఆ కథ రాశారన్నది మన పండితులు గమనించవలసిన సంగతి. ఆరుద్ర గారికి ఎక్కువ తక్కువల పేచీ లేదు. 2023లో ఆ చిత్రం మళ్లీ విడుదలైనప్పుడు, అది పుట్టినప్పటికి తమ తల్లిదండ్రులు కూడా పుట్టని పిల్లలు హాళ్లు నింపారు.

దాస్ గారి మరో చిత్రం ‘రౌడీ రాణి’ (1970)ని కూడా ఇక్కడ చెప్పకపోతే అన్యాయం. పగ తీర్చుకునే వీరుడి స్థానంలో విజయలలిత నిలబడింది. కుటుంబ చిత్రాల్లో ఆడది కన్నీళ్లు తుడుచుకుంటున్న కాలంలో, ఈ తక్కువ రకం చిత్రంలో ఆమె తన్నింది, గుర్రం తోలింది, తుపాకి పేల్చింది. బొంబాయిలో వాడియా మూవీటోన్ వారు ‘హంటర్‌వాలీ’ (1935)తో నటి నాడియాను నిలబెట్టినప్పుడూ ఇదే జరిగింది. గౌరవనీయమైన సినిమా ఇవ్వలేని స్వేచ్ఛను చిన్న సినిమా ఇచ్చింది, ఎందుకంటే దాన్ని ఎవరూ కాపలా కాయలేదు. విజయశాంతి గారికి ‘కర్తవ్యం’ (1990)తో జాతీయ ఉత్తమ నటి పురస్కారం వచ్చేసరికి ఆ దారి ఇరవై ఏళ్లుగా నలిగి ఉంది.

ఇక అభ్యంతరాల సంగతి. ఇవి జనాన్ని సమస్యల నుంచి దారి మళ్లించే చిత్రాలని గౌరవనీయులైన విమర్శకులు రాశారు. ఆ మాటలో కొంత నిజముంది. కాని ఆ నేల టికెట్టు ప్రేక్షకుడు తన సమస్యను తెర మీద చూడలేదని అనుకోవడం పొరపాటు. దుష్టమంత్రి రాజ్యాన్ని కాజేస్తాడు, అసలు వారసుడు అడవిలో కూలివాడిగా పెరుగుతాడు, చివరికి కత్తి పట్టి తన హక్కు తను తీసుకుంటాడు. ‘బందిపోటు’ కథా ప్రపంచంలో దొంగ అనిపించుకున్నవాడే న్యాయం వైపు ఉంటాడు. కరణం రాసిన లెక్కకు, దొర చెప్పిన తీర్పుకు ఎదురు మాట్లాడలేని మనిషికి, ఒక దేహం లేచి న్యాయాన్ని కళ్లముందు జరిపించడం చిన్న విషయం కాదు. నిజజీవితంలో ఏళ్ల తరబడి తేలని వ్యాజ్యం అక్కడ ఒక కత్తియుద్ధంలో తేలుతుంది. అందుకే ఆ యుద్ధం మామూలు యుద్ధంలా ఉండటం వారికి సరిపోదు.

ప్రతి అతినీ నేను సమర్థించడం లేదు. ఆరభటికి నియమాలున్నాయని మొదటే చెప్పాను. నియమం తప్పిన చోట అది వట్టి ఆర్భాటమవుతుంది. ‘సమరసింహారెడ్డి’ (1999) తరవాత వచ్చిన ఫ్యాక్షన్ చిత్రాల వరదలో ఇది స్పష్టంగా జరిగింది. ‘పల్నాటి బ్రహ్మనాయుడు’ (2003)లో కథానాయకుడు తొడగొడితే రైలు వెనక్కి వెళుతుంది. ఆ దృశ్యం ఎందుకు నిలబడలేదు? రైలు వెనక్కి వెళ్లడం అసాధ్యమైనందుకు కాదు. మాయాబజారులో అంతకంటె అసాధ్యాలు జరిగాయి. అక్కడ దేహానికి పని లేదు, శ్రమ లేదు, ప్రమాదం లేదు. కోడి రామమూర్తి గారు కారును ఆపినప్పుడు గొలుసు బిగిసింది, నరాలు ఉబ్బాయి. తొడ మీద చరుపుకు బిగిసేదేమీ లేదు. అంతకంటె నన్ను బాధించేది ఇటీవలి చిత్రాల్లోని నెత్తురు. తలలు తెగిపడటాన్ని, రక్తం చిమ్మడాన్ని దగ్గరగా, నెమ్మదిగా చూపించి అదే సాహసమంటున్నారు. భరతుడు దేన్ని నిషేధించాడో సరిగ్గా దాన్నే చేస్తున్నారు. చిన్నపిల్లలు అవ్వాతాతల పక్కన కూర్చుని చూసిన విఠలాచార్య గారి సినిమాల్లో వేలమంది చనిపోయి ఉంటారు. నెత్తురు చూసిన జ్ఞాపకం నాకు లేదు.

నియమం తెలిసినవారి చేతిలో అదే అతి ఎలా వెలుగుతుందో రాజమౌళి గారి చిత్రాలు చూపించాయి. ‘బాహుబలి’ రెండో భాగం (2017) చివర సైనికులు చెట్లను వంచి, డాళ్లు కప్పుకుని గుండ్రంగా ముడుచుకుని, కోటగోడ దాటి లోపల పడతారు. భౌతికశాస్త్రం ఒప్పుకోదు. జనం ఒప్పుకున్నారు, ఎందుకంటే వంగుతున్న చెట్టు బిగువును, తాళ్లు లాగే చేతులను, డాళ్లు ఒకదానికొకటి అమర్చుకునే క్రమశిక్షణను దర్శకుడు ముందు చూపించాడు. ‘ఆర్ఆర్ఆర్’ (2022)లో నది మీది వంతెన సన్నివేశం మరింత శుద్ధమైన ఆరభటి. కింద మంటల్లో చిక్కిన పిల్లవాడు. ఒకరినొకరు ఎరగని ఇద్దరు మనుషులు దూరం నుంచి చేతి సైగలతోనే మాట్లాడుకుని, ఒకడు గుర్రం మీద, ఒకడు మోటారు సైకిలు మీద, ఒకే తాడుకు రెండు కొసలై వంతెనకు చెరో వైపు దూకుతారు. ఆ సన్నివేశాన్ని భాష తెలియని అమెరికా ప్రేక్షకులు, జపాను ప్రేక్షకులు లేచి నిలబడి చూశారు. వాళ్లను కదిలించింది మన వెనకబాటుతనం మీద జాలి కాదు. లోకధర్మి దారిలో చాలా దూరం వెళ్లిన వారి పెద్ద సినిమా ఎక్కడో వదిలేసుకున్న ఆనందం వారికి అక్కడ దొరికింది.

చివరగా, ఈ ఆనందాన్ని తమ ఒళ్లు పణంగా పెట్టి మనకు అందించినవారి మాట. కథానాయకుడి బదులు దూకిన డూపు పేరు మనకు తెలియదు. అద్దం పగలగొట్టుకుని బయటపడిన ఫైటరు పేరు తెలియదు. 1980లో మలయాళ నటుడు జయన్ మద్రాసు దగ్గర షోలవరంలో హెలికాప్టరు సన్నివేశం చేస్తూ మరణించారు. 2016 నవంబరులో బెంగళూరు దగ్గరి తిప్పగొండనహళ్లి జలాశయంలో ఒక కన్నడ చిత్రం కోసం హెలికాప్టరు నుంచి నీటిలోకి దూకిన ఇద్దరు యువ నటులు ఒడ్డుకు చేరలేదు. కథానాయకుడి ఒంటికి రక్షణ కవచం ఉన్నదని, వారికి లేదని ఆ తరవాత అందరూ మాట్లాడుకున్నారు. భరతుడు నటుడి ఒంటికి నూనె రాయమని చెప్పిన దేశంలో, పోరాట దర్శకులకు జాతీయ పురస్కారం 2016 చిత్రాలతో గాని మొదలుకాలేదు. ‘పులిమురుగన్’కు పీటర్ హెయిన్ గారు దాన్ని మొదట అందుకున్నారు. అమెరికా అకాడమీ కూడా స్టంట్ రూపకల్పనకు ఆస్కార్ ఇస్తామని 2025లో ప్రకటించింది. 2027 చిత్రాలకు, 2028 వేడుకలో తొలిసారి ఇస్తారు. వంద వేడుకల దాకా ఆగవలసి వచ్చింది.

ఈ సభ నుంచి నా విన్నపం ఇది. తొలి తెలుగు టాకీ ‘భక్తప్రహ్లాద’ (1932) ప్రింటు ఇవాళ మనకు లేదు. పాత ప్రింట్లను వెండి కోసం కరిగించారు, మిగిలినవి డబ్బాల్లో పులిసిపోయి పుల్లటి వాసన వేస్తూ పాడయ్యాయి. పుణేలో 1964లో ఏర్పడిన జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ గొప్ప సేవ చేస్తున్నది. కాని జానపద చిత్రాలు భద్రపరచదగినవని ముందు మనం అనుకోవాలి, అడగాలి. రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ, మన విశ్వవిద్యాలయాలూ ఈ చిత్రాల నెగెటివులను వెతికించి బాగుచేయించాలి. వృద్ధులైన ఫైట్ మాస్టర్లు, ఫైటర్లు, ట్రిక్ కెమెరామెన్, సెట్టింగుల పనివారు ఇంకా మన మధ్య ఉన్నారు. వారి నోటి మాటలను ఈ ఏడాదే రికార్డు చేయించాలి. వచ్చే ఏటికి వారిలో కొందరు ఉండరు. నిర్మాతలు ప్రతి ఫైటరు పేరూ టైటిల్స్‌లో వేయాలి, ప్రతి ఫైటరుకూ బీమా కట్టాలి. మీ ఇళ్లలో పాత పాటల పుస్తకాలు, స్టిల్స్, వాల్‌పోస్టర్లు ఉంటే పాత కాగితాల వాడికి వేయకండి. ఈ సభ నిర్వాహకులకు తెచ్చివ్వండి.